జపాను ఆసుపత్రులలో పరదేశి నర్సులు

జబ్బుచేసి ఆసుపత్రిలో చేరినప్పుడు మనకు ఎక్కువసేపు కనిపించేది డాక్టరు కాదు, నర్సు. బి.పి. చూసేది, సెలైను పెట్టేది, రాత్రి రెండు గంటలకు పిలిచినా పలికేది ఆమే. మనం ఆమెను 'సిస్టర్' అంటాం. "ఎక్కడ నొప్పి? ఎప్పటినుంచి?" అని ఆమె అడుగుతుంది, మనం చెబుతాం. ఈ ప్రశ్నకూ జవాబుకూ మధ్య భాష అనేది ఒకటి ఉన్నదని చాలామందికి తట్టదు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడే మీకు మాత్రం ఆ సంగతి కొంత తెలుసు. అమ్మమ్మ తెలుగులో చెప్పిన బాధను డాక్టరుకు ఆ రాష్ట్రభాషలో చెప్పినవారు మీలో కొందరైనా ఉంటారు.

చదువుకొన్నది ఒక దేశంలో, పనిచేసేది మరొక దేశంలో అయిన నర్సులు లక్షలమంది ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని నర్సులు సుమారు 2 కోట్ల 80 లక్షలమంది. వారిలో ప్రతి ఎనిమిదిమందికి ఒకరు పుట్టిన దేశంలోనో, శిక్షణ పొందిన దేశంలోనో కాక వేరొక దేశంలో పనిచేస్తున్నారు. ఈ వలస నిన్న మొన్నటిది కాదు. ఫిలిప్పీన్స్ అమెరికా ఏలుబడిలో ఉన్నప్పుడే అక్కడ నర్సుల చదువు ఇంగ్లీషులో స్థిరపడింది. 1948లో అమెరికా ప్రారంభించిన పథకం కింద ఫిలిప్పీన్స్ నర్సులు అమెరికా ఆసుపత్రులకు వెళ్ళసాగారు. 1965లో అక్కడి వలస చట్టం మారిన తరువాత వారు ఆ దేశంలో స్థిరపడటం సులువైంది. 1960ల్లో కేరళనుంచీ, 1966 తరువాత దక్షిణ కొరియానుంచీ యువతులు పశ్చిమ జర్మనీకి వెళ్ళారు. కొరియా నర్సులే పదేళ్ళలో పదివేలకు మించారు. కోవిడ్ కాలంలో, 2020 డిసెంబరు 8న, ప్రయోగాలకు వెలుపల ఫైజర్ టీకాను మొట్టమొదట ఒక వృద్ధురాలికి వేసిన నర్సు మే పార్సన్స్ కూడా ఫిలిప్పీన్స్‌నుంచి వచ్చినామే. అది ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో జరిగింది.

ఇంగ్లీషులో చదివిన నర్సుకు ఇంగ్లండులోనో అమెరికాలోనో కేసు కాగితాలు చదవడం బొత్తిగా కొత్త కాదు. జపాను సంగతి వేరు. భాష ఒక్కటే నర్సు దారిని ఎంతగా అడ్డుకోగలదో అక్కడ స్పష్టంగా కనబడింది. అందువల్ల ఆ కథను కొంచెం నిదానంగా చెప్పుకొందాం.

జపానులో వృద్ధుల సంఖ్య చాలా ఎక్కువ. 2023 నాటికి నూటికి సుమారు 29 మంది 65 ఏళ్ళు పైబడినవారు. వారిని చూసుకొనే చేతులు అక్కడ చాలడం లేదు. ఆ దేశం ఇండొనేషియాతో కుదుర్చుకొన్న ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2008 జూలైలో అమలులోకి వచ్చింది. ఆగస్టులో 208 మందితో మొదటి జట్టు జపాను చేరింది. వారిలో సగంమంది నర్సులు, తక్కినవారు వృద్ధుల సంరక్షణకు వచ్చినవారు. మరుసటి ఏడాది ఫిలిప్పీన్స్‌నుంచి కూడా నర్సులు వచ్చారు. వీరెవరూ కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చినవారు కారు. ఇండొనేషియా నర్సుకు కనీసం రెండేళ్ళు, ఫిలిప్పీన్స్ నర్సుకు మూడేళ్ళు ఆసుపత్రిలో పనిచేసిన అనుభవం ఉండాలన్నది నియమం.

అయినా జపానులో అడుగుపెట్టగానే వారు నర్సులు కారు, 'అభ్యర్థులు'. ఆరునెలలపాటు భాష నేర్చుకోవాలి. తరువాత ఆసుపత్రిలో సహాయకులుగా పనిచేస్తూ చదువుకోవాలి. ఏటా ఫిబ్రవరిలో జరిగే జాతీయ నర్సుల పరీక్ష రాయాలి. మూడేళ్ళలో మూడు అవకాశాలు. అప్పటికీ ఉత్తీర్ణులు కాకపోతే స్వదేశానికి తిరుగుప్రయాణం. ఆ పరీక్ష జపాను విద్యార్థులు రాసే పరీక్షే, జపాను భాషలోనే. విదేశీయులు కూడా అదే పరీక్ష గట్టెక్కాలని అక్కడి నర్సుల సంఘం పట్టుబట్టింది. ఈ పట్టుదలను తప్పుపట్టలేం. మందు పేరులో ఒక్క అక్షరం తప్పు చదివినా రోగి ప్రాణం మీదికి వస్తుంది. కాని ఫలితాలు ఎలా వచ్చాయో చూడండి. 2009లో పరీక్ష రాసిన 82 మందిలో ఒక్కరూ ఉత్తీర్ణులు కాలేదు. 2010లో 254 మంది రాస్తే ముగ్గురు నెగ్గారు. అదే పరీక్షలో జపాను విద్యార్థులు పదిమందికి తొమ్మిదిమంది నెగ్గుతారు.

తెలివి చాలక కాదు, అక్షరాలు అడ్డుపడ్డాయి. జపాను భాషకు మూడు రకాల రాత ఉంది. రెండింటిలో గుర్తులు మన గుణింతంలాగా శబ్దాన్ని తెలుపుతాయి. ఒక్కొక్కదానిలో మూలాక్షరాలు 46. మూడవది చైనానుంచి వచ్చిన 'కాంజీ'. ఇందులో ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క అర్థానికి నిలుస్తుంది, సందర్భాన్ని బట్టి దాని ఉచ్చారణ కూడా మారుతుంది. నిత్యవ్యవహారానికని ప్రభుత్వం 2010లో సవరించిన పట్టికలోనే 2,136 కాంజీలున్నాయి. వైద్యంలో వాడే కొన్ని గుర్తులు ఆ పట్టికలో కూడా లేవు. చాలాకాలం మంచంపట్టిన రోగికి వీపుమీద, పిరుదులమీద పడే పుండును జపాను జనం 'తొకొజురే' అంటారు. పరీక్షలోనూ కేసు కాగితాలలోనూ అది 'జొకుసో'. మనం పడకపుండు అనేదాన్ని పరీక్షలో 'శయ్యావ్రణం' అని, అదీ ఎన్నడూ చూడని లిపిలో అడిగారనుకోండి. పడకపుండు పడకుండా రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలని బాగా తెలిసిన నర్సు కూడా ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది.

పుస్తకభాష ఒక ఎత్తు, రోగి భాష మరొక ఎత్తు. నొప్పిని చెప్పడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఒకసారి తలచుకోండి. పుండు సలుపుతుంది. పన్ను జివ్వుమంటుంది. నడుము కలుక్కుమంటుంది. కాలు గుంజుతుంది, గొంతు గరగరలాడుతుంది. వైద్యగ్రంథాలలో ఇవి కనబడవు. కాని సలుపు వేరు, కలుక్కుమనడం వేరు అని తెలియని నర్సు డాక్టరుకు ఏమని చెబుతుంది? జపాను భాషలోనూ ఇటువంటివి బోలెడు. కడుపులో సన్నగా, విడవకుండా ఉండే నొప్పి 'షికుషికు'. నాడి కొట్టుకొన్నట్లు సలిపేది 'జుకిజుకి'. తల పగిలిపోతున్నట్లుంటే 'గాంగాన్', సూదులతో గుచ్చినట్లుంటే 'చికుచికు'. మీరు వ్యాకరణంలో చదివిన ధ్వన్యనుకరణ పదాల వంటివే ఇవన్నీ. తరగతిలో నేర్పే భాషలో వీటికి చోటు తక్కువ. వార్డులో మాత్రం రోజూ వినబడతాయి.

దీనికి తోడు మాండలికాలు. 'కొవాయ్' అంటే పుస్తకాల జపానులో 'భయంగా ఉంది' అని అర్థం. ఉత్తర జపాను పల్లెల ముసలివారు అదే మాటను 'ఒళ్ళు అలసటగా ఉంది, ఓపిక లేదు' అనే అర్థంలో వాడతారు. ఇది మనకు వింత కాదు. హోసూరు వైపు పెద్దలు "కడుపు నొస్తా ఉంది" అంటే, గోదావరి వైపు వారు "కడుపు నొప్పెడుతోంది" అంటారు. మనకు రెండూ తెలుసు కాబట్టి నవ్వి ఊరుకొంటాం. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు మరొక నర్సుకు రోగుల సంగతులు గబగబా, పొడి అక్షరాలతో ఒప్పజెప్పే సమయంలో ఒక్క మాట అందకపోతే నవ్వి ఊరుకొనే వీలుండదు.

పని తీరులోనూ తేడా ఉంది. మన ఆసుపత్రులలో రోగి వెంట ఇంటి మనిషి ఒకరు తోడుంటారు. ఒళ్ళు తుడవడం, అన్నం తినిపించడం ఆ తోడున్నవారి వంతు. ఇండొనేషియాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా చాలావరకు ఇదే పద్ధతి. జపాను ఆసుపత్రిలో ఆ పనులన్నీ సిబ్బందివే. పైగా అభ్యర్థులు పరీక్ష నెగ్గేదాకా సూది వేయకూడదు, సెలైను పెట్టకూడదు. స్వదేశంలో ఐ.సి.యు.లో పనిచేసిన నర్సు ఇక్కడ స్నానం చేయించడం, భోజనం అందించడం, గుడ్డలు మార్చడం వంటి పనులకే పరిమితమైంది. ఆ పనులు చిన్నవని ఎవరూ అనరాదు. కాని మూడేళ్ళు సూది ముట్టని చేతికి పాత నేర్పు తగ్గుతుంది. ఈ నష్టాన్ని ఒప్పందం రాసినవారు తగినంత ఆలోచించినట్లు లేదు.

విమర్శలు రావడంతో జపాను ప్రభుత్వం పరీక్షలో కొన్ని మార్పులు చేసింది. 2011నుంచి కష్టమైన కాంజీల పక్కన ఉచ్చారణ, జబ్బుల పేర్ల పక్కన ఇంగ్లీషు పేరు ఇచ్చారు. ఆ ఏడు 398 మందిలో 16 మంది, 2012లో 415 మందిలో 47 మంది నెగ్గారు. 2013నుంచి విదేశీ అభ్యర్థులకు అన్ని కాంజీలకూ ఉచ్చారణ చూపి, పరీక్ష సమయం కూడా పెంచారు. అన్నిటికన్నా పెద్ద మార్పు వియత్నాంతో జరిగిన ఏర్పాటులో ఉంది. 2014నుంచి వచ్చిన వియత్నాం నర్సులు బయలుదేరకముందే సొంత దేశంలో ఏడాదిపాటు జపాను భాష నేర్చుకొని, నిర్ణీత స్థాయి పరీక్షలో నెగ్గి మరీ విమానం ఎక్కారు. వారిలో ఉత్తీర్ణుల శాతం తక్కిన రెండు దేశాలవారికన్నా ఎంతో ఎక్కువగా వచ్చింది. వచ్చాక పని అలసటలో భాష నేర్చుకోవడానికీ, రాకముందే తీరికగా నేర్చుకోవడానికీ ఉన్న తేడా అది.

నెగ్గినవారందరూ జపానులోనే ఉండిపోలేదు. తల్లిదండ్రులకోసం, పెళ్ళికోసం, పిల్లల చదువుకోసం తిరిగివెళ్ళినవారున్నారు. నెగ్గకుండా వెళ్ళినవారి శ్రమ కూడా పూర్తిగా వృథా కాలేదు. కొందరు తమ దేశంలోని జపాను కంపెనీలలో దుభాషీలుగా, జపానువారు వచ్చే క్లినిక్కులలో సహాయకులుగా కుదురుకొన్నారు. అయితే నర్సు కావాలని బయలుదేరిన మనిషి దుభాషి కావడం మంచిదా చెడ్డదా అన్నది ఆమెనే అడగాలి.

మన దేశంనుంచి వెళ్ళే నర్సులకూ ఈ ప్రశ్నలన్నీ ఎదురవుతాయి. ఏజెంట్లు లక్షల రూపాయలు గుంజుతున్నారన్న ఫిర్యాదులు రావడంతో, గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు వెళ్ళే నర్సులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని, వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే చేర్చుకోవాలని 2015లో కేంద్రప్రభుత్వం నిబంధన తెచ్చింది. కేరళలో నోర్కా రూట్స్, తమిళనాడులో ఓ.ఎం.సి.ఎల్. వంటి సంస్థలు అప్పటికే ఉన్నాయి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఇటువంటివే. జర్మనీకి వెళ్ళదలచిన నర్సు జర్మను భాషలో స్థాయి పరీక్షలు నెగ్గాలి. 2021 జనవరిలో మన దేశం జపానుతో నైపుణ్యం గల పనివారి విషయమై ఒప్పందం కుదుర్చుకొంది. అందులో వృద్ధుల సంరక్షణ ఉంది కాని, నర్సు ఉద్యోగం లేదు. ఈ తేడా తెలియక సంతకం పెట్టిన నర్సు చదివినది ఒకటి, చేయవలసివచ్చేది మరొకటి అవుతుంది. భాష ఎక్కడ నేర్పుతారు, ఆ ఖర్చు ఎవరిది, పరీక్ష నెగ్గకపోతే ఏమిటి, నెగ్గేదాకా ఏ పని చేయాలి అన్నవి కాగితంమీద ఉన్నాయో లేదో బయలుదేరకముందే చూసుకోవాలి.

అభ్యాసం

1. 2009 పరీక్షలో అనుభవజ్ఞులైన నర్సులు ఒక్కరూ నెగ్గకపోవడానికి కారణాలను మీ మాటలలో రాయండి.

2. విదేశీయులు కూడా అదే పరీక్ష రాయాలన్న జపాను నర్సుల సంఘం వాదనతో మీరు ఏకీభవిస్తారా? ఎందుకు?

3. మీ ఇంట్లో పెద్దలు నొప్పిని చెప్పడానికి వాడే మాటలను సేకరించండి. వాటికి మీ రాష్ట్రభాషలో ఏమంటారో పక్కన రాయండి. సమానమైన మాట దొరకనివి ఏవి?

4. పొడి అక్షరాలు, తిరుగుప్రయాణం, దుభాషి, గట్టెక్కు: వీటిని సొంతవాక్యాలలో ప్రయోగించండి.