పస్తుతో అదుపు రాదు

నెమలి గ్రామం

శ్రావణీ,

విజయవాడ హాస్టల్లో నలుగురి ముందు రెండు మెతుకులు కెలికి లేచిపోవడం, అర్ధరాత్రి దుప్పట్లో బిస్కెట్ ప్యాకెట్లు ఖాళీ చేయడం, చప్పుడు వినబడకుండా పంపు తిప్పి వాంతి చేసుకోవడం, ఇదంతా నోరు కట్టుకోలేకే అని రాశావు. నేను ఒప్పుకోను తల్లీ. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు ఆరు నెలలపాటు తిండి దాదాపు సగానికి తగ్గించాడు. ఒంట్లోనూ మనసులోనూ ఏ జబ్బూ లేదని పరీక్షించి ఎంచుకున్నవాళ్లు. అయినా దిగులు, చిరాకు పట్టుకున్నాయి. తోటివాళ్లతో మాటలు తగ్గాయి, పొద్దస్తమానం తిండి ధ్యాసే. మళ్లీ తినొచ్చన్నాక కడుపు నిండినా కొందరు ఆపలేకపోయారు. మనసు కుదురు తప్పడానికీ మనుషులకు దూరమవడానికీ పస్తు ఒక్కటే చాలదూ?

ఒంటరితనం ముందొచ్చింది, పస్తు తర్వాత అంటావేమో. కావచ్చు. దిగులు పెరిగినప్పుడే అతిగా తినడం మొదలవుతుందని అధ్యయనాలూ చెబుతున్నాయి. అయితే తిన్నాక దిగులు తగ్గకపోగా పెరిగిందనే 2011లో అవన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఆ సిగ్గుతో మర్నాడు పస్తు, పస్తుతో మళ్లీ రాత్రి ఆకలి. ఈ చక్రాన్ని ఎక్కడో తెంపాలంటే వేళకు తినడమే తేలిక. మూడు పూటలు, మధ్యలో చిన్న ఫలహారం. అతిగా తిని కక్కేసే ఈ జబ్బుకు చేసే మానసిక చికిత్సలోనూ తొలి మెట్టు అదే. ఇది నాజూకుతనం పిచ్చి ఉన్న పట్నం పిల్లల జబ్బనేవాళ్ల మాట పట్టించుకోకు. వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో పిల్లల రికార్డులు చూసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తిండికి సంబంధించిన జబ్బులున్నవాళ్లలో ఎక్కువ మందికి మనోవేదన వల్ల వచ్చే వాంతులే ఉన్నాయి. మన దగ్గర ఇలాంటివి గ్యాసనో, ఉపవాసమనో సులువుగా దాగిపోతాయి.

నలుగురితో కలిసి తింటే మాటలు పడాలన్న నీ భయం మాత్రం నిజమే. 'చిక్కిపోయావే', 'బుగ్గలొచ్చాయే' అని పలకరించడం మన ఊళ్లో ప్రేమే, నీకది తూకం వేసినట్టుంటుంది. అందుకే నలుగురూ వద్దు, నీ కంచం వంక చూడని ఒక్క స్నేహితురాలు చాలు. ఇంట్లో ఆ మాటలు మాన్పించే పూచీ నాది.

వాంతులతో ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పొచ్చు, కాబట్టి ఈ వారమే డాక్టరుకు చూపించుకుని రక్తపరీక్ష చేయించుకో. ఎవరితోనూ చెప్పుకోలేని రాత్రి 14416కు ఫోన్ చెయ్యి. అది మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలీమానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. పరీక్ష రిపోర్టు నాకు పంపు.

పెదనాన్న