నడుపుటకు ముందు ఆగుట నేర్వవలెను

మన ధర్మపురి ప్రాంతమునకును ద్విచక్ర వాహనమునకును పాత సంబంధము కలదు. 1980లో వెలువడి దేశమంతట పేరొందిన టి.వి.ఎస్. 50 మోపెడ్డు హోసూరులో తయారైనది. ఆనాడు హోసూరు మన జిల్లాలోనిదే. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడినపుడు అందు చేరినది. నేడు పొలమునకు పోవు రైతునకును, పనికి పోవు యువకునకును మోటారు సైకిలే ఆధారము. మా విద్యార్థులలో పలువురు చదువు ముగియగనే శిక్షణలో చేరుదురు. వారు ముందుగా తెలిసికొనవలసిన సంగతులను ఇచట వివరింపదలచితిమి.

మొదటిది వయస్సు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి 18 ఏండ్లు నిండనివారు రహదారిపై మోటారు సైకిలు నడుపరాదు. 50 సి.సి.కి మించని యంత్రము గల బండికి మాత్రము 16 ఏండ్లు చాలును. ఈ సడలింపును నమ్మి, “మోపెడ్డే గదా” యని పిల్లల చేతికి తాళపుచెవి నిచ్చు తల్లిదండ్రులు కలరు. నేడు మన వీథులలో తిరుగు మోపెడ్లలో పెక్కింటి యంత్రము 100 సి.సి.కి దగ్గరగా నున్నది. అట్టి బండ్లకు ఆ సడలింపు వర్తింపదు. 2019లో చేసిన సవరణ ప్రకారము, బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి గాని బండి యజమానికి గాని 25,000 రూపాయల జరిమానాయు, 3 సంవత్సరముల వరకు కారాగార శిక్షయు కలుగవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలపాటు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు లభింపదు.

రెండవది అభ్యాసపు లైసెన్సు. ఇది 6 నెలలు చెల్లును. ఇది పొందిన 30 దినములు గడచిన పిమ్మటనే నడుపు పరీక్షకు పోవచ్చును. అంతవరకు బండికి ముందును వెనుకను తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరముండవలెను. శిక్షకుని తప్ప ఇతరులను వెనుక కూర్చుండబెట్టుకొనరాదు.

అభ్యాసపు లైసెన్సుకై రహదారి గుర్తులను గూర్చి ప్రశ్నలడుగుదురు. ఈ గుర్తులలో అధికభాగమునకు భాషతో పనిలేదు. ఎఱ్ఱని అంచుగల త్రిభుజము అపాయమును హెచ్చరించును. ఎఱ్ఱని అంచుగల వృత్తము నిషేధించును. నీలి వృత్తము చేయవలసినదానిని తెలుపును. ఎనిమిది భుజముల ఎఱ్ఱని పలక పూర్తిగా ఆగుమనును. ఇంట తెలుగు, బజారున తమిళము మాటలాడు మన పిల్లలకు ఈ మూడవ భాష కష్టము కాదు. అయినను కొన్ని హెచ్చరికలు తమిళాక్షరములలోనే యుండును. ‘మెదువాగ’ అనగా మెల్లగా. ‘వళైవు’ అనగా మలుపు. ‘విబత్తు పగుది’ అనగా ప్రమాదములు జరుగు చోటు. వేగముగా పోవుచు కూడబలుకుకొని చదువుటకు వ్యవధి యుండదు. కావున ఆ మాటలను ఒక్క చూపున గుర్తించునట్లు ముందే అలవరచుకొనవలెను.

ఇక ముఖ్యమైన పాఠము ఆగుట. దీనిని లెక్కవేసి చూతము. గంటకు 36 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 10 మీటర్లు. ఎదుట మేక అడ్డు వచ్చినచో, దానిని చూచి బ్రేకు పట్టుటకు ఒక సెకను పట్టెననుకొందము. ఆ లోపల బండి 10 మీటర్లు పోవును. బ్రేకు వలన ప్రతి సెకనునకు 5 మీటర్ల చొప్పున వేగము తగ్గినచో, నిలుచుటకు మఱి 10 మీటర్లు కావలెను. మొత్తము 20 మీటర్లు. వేగము 54 కిలోమీటర్లైనచో మొదటి భాగము 15 మీటర్లు, రెండవది 22.5 మీటర్లు; మొత్తము 37.5 మీటర్లు. వేగము ఒకటిన్నర రెట్లు పెరుగగా బ్రేకు పట్టిన పిదప పోవు దూరము రెండుంబావు రెట్లైనది. ఇది ఎండిన సమతలమున మాట. తడిసిన రోడ్డుపైనను, సేలము దారిలోని తొప్పూరు కనుమవంటి పల్లమునందును ఇంకను ఎక్కువ దూరము కావలెను.

కావున శిక్షణకు ముందు, యంత్రము నాపి, బండిని స్టాండుపై నిలిపి, నేటి బండ్ల అమరికను చేతులకును కాళ్లకును అలవాటు చేయవలెను. కుడిచేతి క్రింద ముందు బ్రేకు, కుడికాలి క్రింద వెనుక బ్రేకు. ఎడమచేతి క్రింద క్లచ్చి, ఎడమకాలి క్రింద గేరు. ఆపునపుడు బరువు ముందుకు వాలును గనుక ముందు బ్రేకే అధికముగా పనిచేయును. అయినను దానిని హఠాత్తుగా బిగింపక, క్రమముగా నొక్కవలెను. సైకిలు తొక్కి నిలకడ నేర్చినవారికి పరీక్షలోని ‘ఎనిమిది’ వేయుట సులువగును.

కడపటిది శిరస్త్రాణము. 1935లో టి. ఇ. లారెన్సు అను ఆంగ్లేయుడు మోటారు సైకిలు ప్రమాదమున తలకు దెబ్బతగిలి మరణించెను. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్సు, పిమ్మట అట్టి మరణములను పరిశోధించి, 1941లో శిరస్త్రాణపు మేలును వెల్లడించెను. మనము కొనునపుడు ఐ.ఎస్. 4151 అను ముద్రను చూడవలెను. తలకు సరిపడునదై, గడ్డము క్రింద పట్టీ బిగించినదైననే అది రక్షించును. ట్యాంకుపై నుంచినచో ప్రయోజనము లేదు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవానికి బండి కొనుటకు ముందు శిరస్త్రాణము కొనుడు. వయస్సు వచ్చువరకు తాళపుచెవి మీయొద్దనే ఉంచుకొనుడు. విద్యార్థులారా, తగిన వయస్సు వచ్చువరకు ఆగుటయు ఆగుటయే. దానిని నేర్చినవానికి రహదారిపై ఆగుట కష్టము కాబోదు.