మిన్నియాపొలిస్ చలిలో గడ్డపెరుగు

మొన్న ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పెళ్లయి వచ్చాక ఇదే నా మొదటి చలికాలం. సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతోంది. ఏడుపొచ్చేస్తోంది" అంది. రాదూ మరి! మిన్నియాపొలిస్‌లో డిసెంబరంటే అంతే. 2018లో ఏప్రిల్ మధ్యలో కూడా మంచు తుపాను వచ్చింది. 2019 జనవరి ఆఖర్లో మైనస్ 33 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే ఉత్తరాల బట్వాడా కూడా ఆపేశారు. బయటి సంగతి మన చేతుల్లో లేదు. ఇంట్లో సంగతి మనదేగా తల్లీ.

ముందు పెరుగు గురించి చెప్తా. అన్నంలోకి ఇంటి పెరుగు లేకపోతే నాకు ఆ పూట తిన్నట్టే ఉండదు. ఈ చలికి గట్టు మీద పెడితే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. అందుకని గోరువెచ్చటి పాలలో తోడు వేసి, గిన్నెను ఓవెన్‌లో పెట్టు. ఓవెన్ వెలిగించకు, లోపలి లైటు ఒక్కటే వెయ్యి. పాతరకం బల్బయితే ఆ వేడే చాలు, ఎల్‌ఈడీ అయితే లాభం లేదు. ఇడ్లీపిండి పులియడానికీ అదే చోటు. తలుపు మీద "లోపల పెరుగుంది" అని చీటీ మాత్రం అంటించు. లేకపోతే మీ ఆయన పిజ్జా కోసమని ఓవెన్ వేడిచేస్తారు, పెరుగు విరిగి కూర్చుంటుంది. పొద్దున గిన్నె వంచి చూడు. మీగడ కట్టి, కదలకుండా ఉంటుంది. అది చూస్తేనే సగం దిగులు పోతుంది.

ఇక హీటరు గాలి. బయటి చలిగాలిలో తేమ ఎటూ తక్కువే, దాన్ని ఇంట్లో వేడిచేస్తే మరీ పొడిబారుతుంది. పెదాలు పగులుతాయి, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున షాకు కొడుతుంది. నేను నూలు చీరలూ తువ్వాళ్లూ డ్రయ్యర్లో వేయను, స్టాండు మీద గదిలోనే ఆరేస్తాను. తెల్లారేసరికి ఆరిపోతాయి, గాలికీ కాస్త తడి తగులుతుంది. కొబ్బరినూనె ఎలాగూ గడ్డకడుతుంది కదా, సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి వెచ్చగా మాడుకు పట్టించుకో. ఆ నూనె వాసన ఉంటే వాసన కొవ్వొత్తులకు పెట్టే డబ్బు మిగులుతుంది.

చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు. అందుకే దక్షిణపు కిటికీలోంచి ఎండ గది మధ్యదాకా వస్తుంది, వేసవిలో ఇంత లోపలికి రాదు. కరివేపాకు కుండీని అక్కడికి జరుపు. ఆకులు రాల్చిందని పారేయకు, నీళ్లు తగ్గించి వదిలేస్తే వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. పక్కనే నువ్వూ కుర్చీ వేసుకో. అద్దంలోంచి వచ్చే ఎండతో విటమిన్ డి మాత్రం రాదు సుమా, ఆ సంగతి డాక్టరుని అడుగు.

సంక్రాంతికి వాకిట్లో మంచు, ముగ్గుకు చోటే ఉండదు. భోగిమంట మాట సరేసరి. బొమ్మల కొలువుకేం అడ్డం? అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి పాత పట్టుచీర కప్పు. చుట్టుపక్కల మనవాళ్లను పేరంటానికి పిలువు. మంచు బూట్లు విప్పుకోవడానికి గుమ్మం దగ్గర పాత దుప్పటొకటి పరిచి ఉంచు. వాయనంలోకి శనగలు నానబెట్టు, అరిసెలు నేను తెస్తాలే.