అక్షరాలు వచ్చాయి, ఇక చదువుకుందాం!

మన వారాంతపు తెలుగు బడిలో చేరిన పిల్లలు మొదటి ఏడాది అచ్చులు, హల్లులు నేర్చుకుంటారు. రెండో ఏడాది గుణింతాలు, వత్తులు. మూడో ఏడాదికి చిన్న చిన్న వాక్యాలు కూడబలుక్కుని చదువుతారు. వార్షికోత్సవంలో పద్యం అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. అమ్మానాన్నలకు ఎంతో సంతోషం. మాకూ అంతే.

ఆ తర్వాత ఏమవుతోంది? మిడిల్ స్కూలు మొదలవుతుంది. హోంవర్కు, ఈత, బాస్కెట్‌బాల్, సంగీతం వస్తాయి. తెలుగు వాచకం అలమరలోకి వెళ్ళిపోతుంది. రెండు మూడేళ్ళు గడిచాక ఆ పిల్లల ముందు తెలుగు పేజీ పెడితే 'ఘ'కూ 'మ'కూ తేడా తెలియక తడబడతారు. ఎన్నో ఆదివారాల శ్రమ అలా జారిపోవడం మేము ఏటా చూస్తూనే ఉన్నాం.

అక్షరాలు నేర్పడం బడి చేయగల పని. చదివే అలవాటు మాత్రం వారానికి రెండు గంటల తరగతిలో రాదు. అది ఇంట్లో, రోజూ కాస్త కాస్తగా రావాలి. అందుకు దారి ఏమిటి? పరాయి భాషలను ఇష్టంతో, పుస్తకాల ద్వారా నేర్చుకున్నవాళ్ళు ఏం చేశారో చూస్తే మనకు ఆ దారి దొరుకుతుందని మా నమ్మకం.

తెలుగు మన పిల్లలకు పరాయి భాషా?

ఈ మాట వినగానే కొందరికి కష్టంగా ఉండవచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో మన పిల్లలు వినే తెలుగు ఏది? 'అన్నం తిను', 'స్నానం చెయ్యి', 'త్వరగా పడుకో', 'అమ్మమ్మతో మాట్లాడు'. ఈ మాటలన్నీ వాళ్ళకు బాగా తెలుసు. కథల పుస్తకం తెరిస్తే మాత్రం గొడ్డలి, కావడి, సంత, గట్టు, పల్లకి, మోదుగాకు ఎదురవుతాయి. ఇక్కడ పుట్టిన బిడ్డ ఇవేవీ చూడలేదు, వినలేదు. అంటే మాట్లాడే తెలుగు సొంత భాషే అయినా, చదివే తెలుగు సగం కొత్త భాష. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కొత్త భాషను నేర్చుకునే పద్ధతితోనే దాన్ని నేర్చుకోవాలి, అంతే.

నవల చదివి భాష నేర్చుకున్న ఆవిడ

హంగరీ దేశంలో కాతో లోంబ్ అనే ఆవిడ ఉండేవారు (1909–2003). ఆవిడ చదివింది రసాయన శాస్త్రం. పేరు తెచ్చుకున్నది మాత్రం దుబాసీగా, అంటే ఒకరు మాట్లాడుతుండగానే ఆ మాటలను ఇంకో భాషలోకి మార్చి చెప్పే పనిలో. పదహారు దాకా భాషలతో ఆవిడ పనిచేశారు. వాటిలో ఎక్కువ భాగం పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నవే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆవిడ రష్యన్ నేర్చుకోవాలనుకున్నారు. పాత పుస్తకాల కొట్టులో దొరికిన నిఘంటువు, గొగోల్ రాసిన ఒక నవల, ఇవే గురువులు. మొదట పేజీలో చాలా భాగం అర్థం కాలేదు. అయినా ఆపలేదు. ప్రతి మాటకూ నిఘంటువు తెరవకుండా, అర్థమైన మాటల సాయంతో అర్థం కాని వాటిని ఊహించుకుంటూ ముందుకు వెళ్ళారు. తన పద్ధతి గురించి ఆవిడ 1970లో ఒక పుస్తకం రాశారు. అందులోంచి మనం తీసుకోదగ్గవి మూడు: ఆసక్తి కలిగించే పుస్తకాన్నే ఎంచుకోవాలి. రోజూ చదవాలి, పది నిమిషాలైనా సరే. తెలియని మాట దగ్గర ఆగిపోకూడదు, అది ముఖ్యమైనదైతే మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

పరీక్ష అయ్యాక కూడా చదివినాయన

మనందరికీ తెలిసిన సి.పి. బ్రౌన్ సంగతి కూడా చూడండి. 1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌన్ 1817లో మద్రాసు చేరినప్పుడు ఆయనకు తెలుగు రాదు. కంపెనీ ఉద్యోగులు దేశభాషలు నేర్చుకోవాలన్న నియమం ఉండేది కనుక కాలేజీలో తెలుగు నేర్చుకుని, 1820లో కడపలో ఉద్యోగానికి వెళ్ళారు. పరీక్ష వరకు నేర్చుకున్నది ఉద్యోగం కోసం. ఆ తర్వాతది ఎవరూ అడగకుండా, తన ఇష్టంతో చేసిన పని. వేమన పద్యాల రాతప్రతులు సేకరించి, చదివి, ఇంగ్లీషులోకి అనువదించి 1829లో అచ్చు వేయించారు. ఏళ్ళ తరబడి చదువుతూ సేకరించిన మాటలతో 1852లో నిఘంటువు వెలువరించారు. మనం ఈనాటికీ ఆ నిఘంటువును తెరుస్తూనే ఉన్నాం. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది.

పిల్లలూ, ఇందులో మీకొక పాఠం ఉంది. మన బడిలో పెట్టే పరీక్ష ఒక మెట్టు మాత్రమే. అది దాటాక మీకు నచ్చినది మీరు చదువుకోవడంతోనే భాష మీదవుతుంది.

వ్యావహారిక భాష వెనుక ఉన్న మాస్టారు

ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు (1863). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. సవర భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. నేర్చుకోవడానికి పుస్తకాలు లేవు. సవరల దగ్గరే మాటలు వింటూ, రాసుకుంటూ ఆయన ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు.

ఎవరికైనా తాము మాట్లాడే భాషలోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన పట్టుదల. అదే పట్టుదలతో తెలుగు పుస్తకాలు కూడా జనం మాట్లాడే వ్యావహారిక భాషలో ఉండాలని పోరాడారు. ఆయన, ఆయన తోటివారు అలా పోరాడకపోతే ఈనాడు మన పిల్లల చేతిలో ఉండే పుస్తకం గ్రాంథికంలో ఉండేది. ఇంటి తెలుగుకు, పుస్తకం తెలుగుకు మధ్య దూరం ఇంకా ఎంతో ఎక్కువగా ఉండేది.

ఎలాంటి పుస్తకం ఎంచుకోవాలి?

ఒక కథను ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదివి అర్థం చేసుకోవాలంటే అందులో నూటికి సుమారు 98 మాటలు ముందే తెలిసి ఉండాలని హూ, నేషన్ అనే భాషా పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. వారి పరిశోధన ఇంగ్లీషు నేర్చుకునేవారి మీద జరిగింది. అయినా అందులోని సంగతి మనకూ పనికొస్తుంది. మన పిల్లలకు తరచుగా పైస్థాయి పుస్తకం ఇస్తున్నాం. వరసకు రెండు మాటలు తెలియకపోతే ఏ పిల్లవాడికైనా విసుగే.

అందుకని ఒక చిన్న పరీక్ష చేయండి. ఏదో ఒక పేజీ తెరిచి పిల్లలను చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. పేజీ పూర్తికాకుండానే అయిదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం వచ్చే ఏడాదికి దాచండి, లేదా మీరే చదివి వినిపించండి. పన్నెండేళ్ళవాళ్ళు ఆరేళ్ళవాళ్ళ పుస్తకం చదివినా తప్పులేదు.

పాత 'చందమామ' సంచికలు దొరికితే వదలకండి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు వెలువడటం లేదు. కానీ చాలా ఇళ్ళలో బైండు చేయించిన ప్రతులు ఉంటాయి. అందులోని బేతాళ కథలు చదువు నేర్చుకునేవారికి ఎంతో అనువైనవి. ప్రతి కథా ఒకే తీరున మొదలై ఒకే తీరున ముగుస్తుంది. రెండు కథలు చదివేసరికి మొదటి పేరా, చివరి పేరా పిల్లలకు దాదాపు నోటికి వచ్చేస్తాయి. ఇక మధ్యలో ఉన్న కొత్త కథ మీదే మనసు పెట్టవచ్చు.

ఒక చిన్న అభ్యాసం

పిల్లలూ, ఈ మూడు వాక్యాలు పైకి చదవండి:

రంగయ్య తెల్లవారకముందే నాగలి భుజాన వేసుకుని పొలానికి బయలుదేరాడు. ఎడ్లు ముందు నడుస్తున్నాయి. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి సగం పొలం దున్నేశాడు.

'నాగలి' మీకు తెలియకపోవచ్చు. కానీ అది భుజాన మోసే వస్తువని, పొలంలో పనికొస్తుందని తెలిసిపోయింది కదా! ప్రస్తుతానికి అది చాలు. 'ఎడ్లు' నడుస్తున్నాయి. చివర 'లు' ఉంది కనుక ఒకటి కాదు. నడుస్తున్నాయి అన్నారు కనుక జంతువులు కావచ్చు. ఒకటైతే 'ఎద్దు', ఎక్కువైతే 'ఎడ్లు'. ఇల్లు–ఇళ్ళు, కన్ను–కళ్ళు, పన్ను–పళ్ళు కూడా ఇలా మారేవే.

'దున్నేశాడు' కొంచెం కష్టం. విడదీస్తే 'దున్ని + వేశాడు'. 'తినేశాడు', 'పడేశాడు' మీకు తెలిసినవే, ఇదీ అదే వరస. కాబట్టి ఒక పని పూర్తిచేశాడని అర్థం. ఏ పని అన్నది చూడాలంటే నిఘంటువులో 'దున్నేశాడు' దొరకదు, 'దున్ను' అని వెతకాలి. 'ఉన్నాడు'కు 'ఉండు', 'చెప్పలేకపోయాడు'కు 'చెప్పు' చూడాలి. తెలుగు మాట పొడుగ్గా ఉంటే భయపడకండి. అది చాలాసార్లు మీకు తెలిసిన చిన్న మాటలు చేయి చేయి పట్టుకుని నిలబడటమే. 'వెళ్ళాలనుకుంటున్నాను' అన్న మాటను మీరే విడదీసి చూడండి.

బ్రౌన్ నిఘంటువు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. అయితే పేజీకి రెండు మూడు మాటలకంటే ఎక్కువ వెతకవద్దు. కథ ముందుకు సాగడమే ముఖ్యం.

అమ్మానాన్నలు కూడా విద్యార్థులే

పిల్లలను చదవమని చెప్పి మనం టీవీ ముందు కూర్చుంటే ఆ మాటకు విలువ ఉండదు. ఇంట్లో పెద్దలు పుస్తకం పట్టుకోవడం పిల్లల కంటపడాలి. ఇంకో సలహా కూడా ఉంది. పిల్లలు తెలుగు చదువుతుంటే మీరు కూడా ఒక కొత్త భాష మొదలుపెట్టండి. ఇక్కడ స్పానిష్ పుస్తకాలకు కొదవలేదు. చాలా ఊళ్ళ గ్రంథాలయాల్లో పిల్లల అరలోనే దొరుకుతాయి. మీ అబ్బాయో అమ్మాయో బడిలో స్పానిష్ చదువుతుంటే వాళ్ళే మీకు గురువులు. తెలుగులో మీరు వాళ్ళకు దిద్దుతారు, స్పానిష్‌లో వాళ్ళు మీకు దిద్దుతారు. నలభై ఏళ్ళ వయసులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే, మన పిల్లలు తెలుగు పేజీ ముందు పడే కష్టం ఎంతటిదో తెలిసివస్తుంది. 'ఇంత చిన్న మాట చదవలేవా' అని విసుక్కోవడం తగ్గుతుంది.

ఇందులో సరదా కూడా ఉంది. స్పానిష్‌లో బీరువాను 'అర్మారియో' అంటారు, మన ఇళ్ళలో 'అలమర'. ఒళ్ళు తుడుచుకునే గుడ్డ అక్కడ 'తొఆయా', మనకు 'తువ్వాలు'. గురువు, పనిలో నేర్పరి 'మాయెస్త్రో', మనకు 'మేస్త్రీ'. ఇదెలా జరిగింది? స్పానిష్‌కు అక్కచెల్లెలైన పోర్చుగీసు భాష మాట్లాడేవారు 1498 నుంచి మన దేశపు తీరాలకు వచ్చి వ్యాపారం చేశారు. వాళ్ళ మాటలు మన భాషల్లో కలిసిపోయాయి. ఇలాంటి చుట్టరికాలు వెతకడం మొదలుపెడితే భోజనాల బల్ల దగ్గర కబుర్లకు లోటుండదు.

పది వారాల ప్రయత్నం

వచ్చే విద్యా సంవత్సరంలో ప్రతి కుటుంబాన్నీ మేము కోరేది ఇది. రోజూ రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఇంటిల్లిపాదీ చదవాలి. మొదటి రెండు వారాలు పెద్దలు పైకి చదవాలి, పిల్లలు పేజీ మీద వేలు పెట్టి అనుసరించాలి. తర్వాతి మూడు వారాలు ఒక వాక్యం పెద్దలు, ఒక వాక్యం పిల్లలు. ఆరో వారం నుంచి పిల్లలు సొంతంగా, తాము ఎంచుకున్న పుస్తకం చదవాలి. నచ్చకపోతే మధ్యలో వదిలేసి ఇంకోటి తీసుకునే స్వేచ్ఛ వాళ్ళకు ఇవ్వండి. చదివాక ప్రశ్నలు వేసి పరీక్షించవద్దు. 'కథలో తర్వాత ఏమైంది?' అని కుతూహలంగా అడగండి, చాలు.

ఆదివారం బడికి వచ్చేటప్పుడు ప్రతి పిల్లా పిల్లవాడూ ఆ వారం నచ్చిన ఒక కొత్త మాట తీసుకురావాలి. తరగతి గది గోడ మీద ఆ మాటలన్నీ రాసి పెడతాం. ఇరవై మంది పిల్లలున్న తరగతిలో పది వారాలకు రెండు వందల మాటలవుతాయి. ఇండియాలో ఉన్న తాతయ్యకో నానమ్మకో ఫోను చేసినప్పుడు ఆ మాటలు వాడి చూడండి. 'నాగలి' గురించి వాళ్ళకు చెప్పవలసిన కథలు ఎన్నో ఉంటాయి. అవి వాళ్ళ నోట వినగలిగిన రోజుల్లోనే విందాం. పుస్తకాలు కావలసినవారు బడి గ్రంథాలయం అల్మారా దగ్గరకు రండి, మీ పిల్లల స్థాయికి తగినవి ఎంచడానికి మేము సాయం చేస్తాం.