విద్యుత్ వాహనం: కొనుగోలు ధర, చార్జింగు వసతి
ఢిల్లీ చెప్పే పాఠం

పెట్రోలు వాహనానికి బదులు విద్యుచ్ఛక్తితో నడిచే వాహనం కొనదలచిన కుటుంబం మూడు లెక్కలు వేసుకోవలసి ఉంటుంది. కొనడానికి ఎంత కావాలి? నడపడానికి రోజుకు ఎంతవుతుంది? రాత్రివేళ దానిని ఎక్కడ చార్జి చేయాలి? మొదటి రెండు ప్రశ్నలకు ప్రభుత్వాలు చాలావరకు సమాధానం చెప్పాయి. మూడవది మాత్రం కుటుంబం నివసించే ఇంటిని బట్టి మారుతుంది. ఈ మూడింటికీ గల సంబంధాన్ని గ్రహించడానికి ఢిల్లీ అనుభవం ఉపకరిస్తుంది.

కొనుగోలుకు సహాయం

ఢిల్లీ ప్రభుత్వం 2020 ఆగస్టు 7న తన విద్యుత్ వాహన విధానాన్ని ప్రకటించింది. మూడేళ్ల గడువుతో వచ్చిన ఈ విధానం తరువాత పలుమార్లు పొడిగించబడింది. కొత్తగా రిజిస్టరయ్యే వాహనాలలో నాలుగవ వంతు 2024 నాటికి విద్యుత్ వాహనాలు కావాలన్నది దాని లక్ష్యం. కొత్త వాహనాలలో మూడింట రెండు వంతులు ద్విచక్ర వాహనాలేనని విధాన పత్రం గుర్తించింది. బ్యాటరీలో నిలువ చేయగల ప్రతి యూనిట్ విద్యుత్తుకు 5,000 రూపాయల వంతున, 30,000 రూపాయలకు మించకుండా, వాటికి సహాయం నిర్ణయించింది. ఆటోలకు 30,000 రూపాయలు కేటాయించింది. కార్లకు యూనిట్‌కు 10,000 రూపాయల వంతున గరిష్ఠంగా లక్షన్నర ఇచ్చినా, ఈ సహాయాన్ని మొదటి వెయ్యి కార్లకే పరిమితం చేసింది. రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుముల నుండి కూడ మినహాయింపు ప్రకటించబడింది.

కేంద్ర ప్రభుత్వం 2019 ఆగస్టు 1 నుండి విద్యుత్ వాహనాలపై జీఎస్టీని 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించింది. 2024 అక్టోబరులో 10,900 కోట్ల రూపాయలతో పీఎం ఈ-డ్రైవ్ పథకం ఆరంభమైనది. అందులో ద్విచక్ర వాహనాలకు మొదట యూనిట్‌కు 5,000 రూపాయలుగా ఉన్న సహాయం మరుసటి సంవత్సరానికి 2,500 రూపాయలుగా నిర్ణయించబడింది. కొనుగోలు సహాయం క్రమంగా తగ్గుతూ వచ్చిందనడానికి ఇది నిదర్శనం.

నడిపే ఖర్చు

ఒక స్కూటరు బ్యాటరీ నిండడానికి మూడున్నర యూనిట్లు పట్టి, దానితో 90 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం. ఢిల్లీ విద్యుత్ నియంత్రణ సంఘం 2021 ఉత్తర్వులో వాహనాల చార్జింగుకు నిర్ణయించిన ధర యూనిట్‌కు 4 రూపాయల 50 పైసలు. ఆ లెక్కన, సర్‌చార్జీలు మినహా, ఖర్చు 16 రూపాయలు. లీటరుకు 45 కిలోమీటర్లు నడిచే పెట్రోలు స్కూటరుకు అంతే దూరానికి రెండు లీటర్లు కావాలి. 2024లో ఢిల్లీలో లీటరు పెట్రోలు సుమారు 95 రూపాయలు కనుక ఖర్చు 190 రూపాయలవుతుంది. అయితే బయటి చార్జింగు కేంద్రంలో విద్యుత్తు ధరకు సేవా రుసుము తోడవుతుంది. పూర్తి ఆదా ఇంటి వద్ద చార్జి చేసుకోగలిగిన వారికే దక్కుతుంది.

మీటరు ఎవరిది?

ఇంటి మీటరు నుండి చార్జి చేయడంలోనూ ఒక చిక్కు కలదు. 2019 ఆగస్టులో ప్రారంభమైన ఢిల్లీ పథకం ప్రకారం నెలకు 200 యూనిట్ల లోపు వాడే గృహాలకు బిల్లు ఉండదు. 150 యూనిట్లు వాడే ఇంట్లో స్కూటరును నెలకు 25 రోజులు చార్జి చేస్తే సుమారు 88 యూనిట్లు కలిసి వాడకం 200 దాటుతుంది. పూర్తి రాయితీ పోతుంది. వాహనానికి వేరే కనెక్షను ఉంటే ఇంటి రాయితీ చెక్కుచెదరదు. కాని ఆ కనెక్షనుకు వాహనం నిలిపే చోటు కావాలి. అద్దె ఇంటిలో యజమాని సమ్మతి కూడ కావలసి వస్తుంది. మూడవ అంతస్తులో అద్దెకుంటూ వీధిలో స్కూటరు నిలుపుకొని, రోజంతా దానిపైనే సరుకులు చేరవేసి జీవించే కార్మికునికి ఈ రెండూ దుర్లభం. ఇంధనంపై ఆదా అత్యవసరమైనది అతనికే.

వసతి కల్పన

ఏ చోటు నుండి అయినా మూడు కిలోమీటర్ల లోపున చార్జింగు వసతి ఉండాలని 2020 విధానం సంకల్పించింది. ఇళ్లలోను, పనిచేసే చోట్లలోను నెలకొల్పే మొదటి 30,000 చార్జింగు పాయింట్లకు ఒక్కొక్కదానికి 6,000 రూపాయల వరకు సహాయం ప్రకటించింది. వందకు మించి వాహనాలు నిలిపే వాణిజ్య, సంస్థాగత భవనాలు అందులో 5 శాతం స్థలాన్ని చార్జింగుకు కేటాయించాలని 2021లో ఆదేశాలు వెలువడినాయి. ఇవి మేలైన చర్యలే. కాని మూడు కిలోమీటర్ల దూరం కారుకు చిన్నది. రాత్రి స్కూటరును అక్కడ వదలి నడిచి ఇల్లు చేరవలసిన మనిషికి అది చిన్నది కాదు.

అద్దెదారులు విడిగా ప్రీపెయిడ్ మీటరు పొందే పథకాన్ని ఢిల్లీ ప్రభుత్వం 2019 సెప్టెంబరులో ప్రవేశపెట్టింది. అద్దెదారును కూడ వినియోగదారునిగా గుర్తించిన ఈ సూత్రాన్ని చార్జింగుకు విస్తరింపజేయడం, పాత కాలనీలలో వీధి పక్కనే తక్కువ శక్తి గల పాయింట్లు ఏర్పరచడం అవసరం.

ఈ విషయం తెలుగువారికీ వర్తిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో, 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుములు మినహాయించింది. హైదరాబాదు అపార్టుమెంట్లలోను, అద్దె ఇళ్లలోను ఎదురయ్యేది ఇదే మూడవ ప్రశ్న. కొనుగోలు సహాయానికి గడువు ఉంటుంది. చార్జింగు వసతి మాత్రం వాహనం నడిచినంతకాలం కావాలి. సొంత ఇల్లు లేనివారికి సైతం అది అందినప్పుడే ఈ విధానాల ఫలితం అందరిదీ కాగలదు.