బొడ్డు మందు కథ – మనకు నేర్పే పాఠం



బొడ్డు కోసిన చోటు పచ్చి పుండు వంటిది. అక్కడ శుభ్రత లేకపోతే సూక్ష్మక్రిములు రక్తంలో చేరి, సెప్సిస్ వచ్చి, బిడ్డ ప్రాణానికే ముప్పు కలుగుతుంది. ఇళ్ళలో కాన్పులు ఎక్కువగా జరిగే పేద దేశాలలో ఈ ప్రమాదం ఎక్కువ. దీనిని నివారించడానికి ఒక మందుల కంపెనీ, ఒక సేవాసంస్థ కలిసి ఏమి చేశాయో ఈసారి తెలుసుకుందాం.

క్లోర్‌హెక్సిడిన్ మనకు కొత్త మందు కాదు. ఆపరేషనుకు ముందు చర్మం శుభ్రం చేయడానికి, నోరు పుక్కిలించడానికి వాడుతున్నదే. నేపాల్‌లోని సర్లాహి జిల్లాలో దీనితో బొడ్డు శుభ్రం చేసిన శిశువులలో మరణాలు 24 శాతం తగ్గినట్లు 2006లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. 2012లో ఐక్యరాజ్యసమితి కమిషన్ తల్లీబిడ్డల ప్రాణాలు కాపాడే 13 వస్తువుల జాబితాలో దీనిని చేర్చింది.

2013లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ కంపెనీ, సేవ్ ద చిల్డ్రన్ సంస్థ చేతులు కలిపాయి. ఆ కంపెనీ మౌత్‌వాష్‌లో ఉన్న ఈ మందునే బొడ్డుకు పూసే జెల్‌గా మార్చి, చిన్న ప్యాకెట్లలో తయారుచేశారు. 2016లో యూరోపియన్ మందుల సంస్థ దీనిపై అనుకూల అభిప్రాయం ఇచ్చింది. లాభం లేని ధరకు ఇస్తామని, తయారీ విధానాన్ని ఇతరులకూ తెలియజేస్తామని కంపెనీ ప్రకటించింది.

అయితే మందు అందితే సరిపోదు. ఆఫ్రికాలో కొన్ని దేశాలలో బొడ్డుకు వాడవలసిన క్లోర్‌హెక్సిడిన్‌ను కంటి మందు అనుకొని పసిబిడ్డల కళ్ళలో వేయడం వల్ల కళ్ళు తీవ్రంగా దెబ్బతిన్నాయి. జాంబియాలో, టాంజానియాలోని పెంబా దీవిలో జరిగిన పరిశోధనలలో మరణాలు తగ్గినట్లు కనబడలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో, బొడ్డుకు పేడ వంటి హానికర పదార్థాలు పూసే అలవాటు ఉన్న చోట్ల మాత్రమే దీనిని వాడమని చెప్పింది. మిగతా చోట్ల బొడ్డును శుభ్రంగా, పొడిగా ఉంచడమే మంచిది.

ఒకసారి మా వార్డుకు ఎనిమిది రోజుల బిడ్డను తెచ్చారు. బొడ్డు మీద ఆముదంలో కలిపిన బూడిద ఉంది. చుట్టూ ఎర్రబడి, చీము కారుతోంది. "మా పిల్లలందరికీ ఇదే పెట్టామమ్మా" అన్నది అమ్మమ్మ. ఆమె ప్రేమలో లోపం లేదు, తెలియకపోవడమే లోపం. పది రోజులు ఇంజెక్షన్లు చేసిన తరువాత బిడ్డ కోలుకున్నాడు.

గుర్తుంచుకోవలసినవి:

1. బిడ్డను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
2. పసుపు, బూడిద, నూనె, పౌడరు ఏవీ బొడ్డుకు పెట్టరాదు.
3. లంగోటీ బొడ్డుకు క్రిందుగా కట్టాలి. బొడ్డును లాగరాదు, దానంతట అదే ఊడిపోతుంది.
4. డాక్టరు లేక నర్సు చెప్పిన మందే వాడాలి. కంటి మందును, పైపూత మందును ఒకే చోట ఉంచరాదు. ప్రతిసారీ లేబుల్ చదవాలి. చదువు రానివారు చదివించుకోవాలి.
5. బొడ్డు చుట్టూ ఎరుపు, చీము, దుర్వాసన ఉన్నా, బిడ్డ పాలు త్రాగకపోయినా, ఒళ్ళు కాలినా, చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. తెల్లవారే వరకు ఆగకండి.

కంపెనీ మందు తయారుచేయగలదు, సేవాసంస్థ దానిని ఊరి దాకా చేర్చగలదు. సరిగా వాడవలసింది మాత్రం బిడ్డను ఎత్తుకున్న చేతులే.