తాబేళ్ల తిథి

చిరంజీవి బుజ్జికి,

నువ్వూ అల్లుడూ కోస్టారికా వెళ్తున్నారని, అందులోనూ గ్వానకాస్తె ప్రావిన్స్‌కేనని అమ్మ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. నువ్వు పంపిన ప్లాను రెండుసార్లు చదివాను. ఆరు రోజుల్లో నాలుగు బీచులు, రెండు అగ్నిపర్వతాలు, ఒక జలపాతం, జిప్‌లైను. సగం కొట్టెయ్యి తల్లీ. ఎందుకో చెప్తాను.

ముందు కాగితాల సంగతి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టు వాళ్లకి అక్కడ సడలింపు ఉంది. షరతులు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందు కాన్సులేట్ సైటు చూసుకో. అంతకన్నా ముఖ్యం, అల్లుడి స్టాంపింగ్ గడువు. హెచ్1బి పొడిగింపు కాగితం ఒక్కటే చేతిలో పెట్టుకుంటే తిరిగి అమెరికాలోకి రానివ్వరు, పాస్‌పోర్టులో స్టాంపు ఉండాలి. హ్యూస్టన్ నుంచి లిబేరియాకి నేరుగా విమానం ఉంది. ఆఫ్రికా దేశం అనుకునేవు, ఈ ప్రావిన్స్ రాజధాని పేరు కూడా లిబేరియానే.

దిగగానే రోడ్డు పక్కన గొడుగులా పరుచుకున్న చెట్లు చూసి మన నిద్రగన్నేరు అనుకుంటావు. ఒకే కుటుంబం మరి. వీటి కాయ అచ్చం చెవిలా చుట్టుకుని ఉంటుంది. 'చెవి చెట్టు' అనే అర్థంలో అక్కడి పాత భాషలో పెట్టిన పేరే ప్రావిన్స్‌కీ వచ్చింది. 1959 నుంచి అది ఆ దేశపు జాతీయ వృక్షం. నువ్వు పెట్టుకున్న తమరిందో బీచి పేరు కూడా మన చింతే. అరబ్బులు చింతపండుని 'హిందూ దేశపు ఖర్జూరం' అన్నారు, ఆ మాటే స్పానిష్‌లోకి వెళ్లింది. అక్కడ చింతపండు పానకం ఐసు వేసి అమ్ముతారు, తప్పకుండా తాగు. కానీ ఏరు సముద్రంలో కలిసే చోట మాత్రం నీళ్లలో దిగకండి, మొసళ్లుంటాయి. తిండికి ఇబ్బంది లేదు, అన్నం, నల్ల చిక్కుళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. 'మాంతేకా' వేశారా అని అడుగు. అది పందికొవ్వు కావచ్చు. నువ్వు తినవుగా.

అగ్నిపర్వతం ఒక్కటి చాలు, రింకోన్ దె లా వియెహా చూడండి. 1,916 మీటర్ల కొండ, ఇప్పటికీ ఉండుండి ఆవిరీ బురదా చిమ్ముతూనే ఉంటుంది. అందుకే పైన క్రేటరు దాకా వెళ్లే దారి మూసేశారు. డబ్బులిస్తే దొంగదారిన తీసుకెళ్తామనే వాళ్లు తగిలితే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. కింద లాస్ పైలాస్ అనే చోటు ఉంది. పైలా అంటే గంగాళం. అడవి మధ్యలో బూడిదరంగు బురద, రాగిజావ కుతకుతలాడినట్టు ఉడుకుతుంది. ఒక బుడగ మెల్లగా ఉబ్బి 'బుళుక్' మని పగులుతుంది, కాసేపాగి ఇంకొకటి. గంధకం వాసన చీరకి పట్టి రెండు రోజులు పోలేదు. కంచె దాటకండి, గట్టిగా కనిపించే నేల కింద ఎంత మందం ఉందో పైనుంచి తెలియదు. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి. ఆ నీలం నీళ్ల రియో సెలెస్తె జలపాతం వదిలెయ్యమంటున్నాను, పెద్ద వాన పడితే ఆ నీలం కాస్తా మట్టిరంగులోకి దిగిపోతుంది.

మిగిలిన రోజులన్నీ ఓస్తియొనాల్‌కి ఇవ్వు. నీ ప్లానులో లేని పేరు ఇదే.

నీ చిన్నప్పుడు కళింగపట్నం ఒడ్డున చచ్చిపడిన తాబేలుని చూసి ఎక్కిళ్లు పెట్టి ఏడ్చావు, గుర్తుందా? ట్రాలర్ వలల్లో చిక్కి ఊపిరాడక పోయిందని మీ తాతయ్య చెప్పారు. ఆ ఆలివ్ రిడ్లీ జాతే ఓస్తియొనాల్ ఇసుకలో గుడ్లు పెడుతుంది. ఒకటీ రెండూ కాదు. కొన్ని రాత్రులు వేల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కుతాయి. 'అర్రిబాద' అంటారు, రాక అని అర్థం.

నేను వెళ్లిన రాత్రి ఒక తప్పు చేశాను. ఫోన్ లైటు వెయ్యొద్దని గైడు ముందే చెప్పాడు. చీకట్లో రాయి తగిలి తూలాను, చెయ్యి దానంతటదే లైటు నొక్కేసింది. పదడుగుల దూరంలో నీళ్లలోంచి అప్పుడే పైకి వస్తున్న తాబేలు ఆగింది. మెడ తిప్పింది. బరువుగా వెనక్కి మళ్లి అలలోకి వెళ్లిపోయింది. గైడు ఒక్క మాట అనలేదు, నా ఫోను మీద అరచెయ్యి మూశాడు. ఇప్పటికీ ఆ మెడ తిప్పడం కళ్లముందు ఉంటుంది.

తర్వాత ఇంకొకదాన్ని ఎర్రదీపం వెలుతురులో వెనకనుంచి చూడనిచ్చారు. వెనక కాళ్లతో గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా ఇటూ అటూ ఊపుతూ డిప్పతో ఆ ఇసుకని గట్టిపరిచింది. దబ్ దబ్ మని, మట్టినేల మీద దిమ్మిస కొట్టినట్టు. ఆ చప్పుడు ఒడ్డు పొడుగునా వినిపిస్తుంటే నోట మాట రాలేదు.

పొద్దున్నే ఆ ఊరివాళ్లు గోతాల్లో గుడ్లు ఏరుకోవడం చూస్తే నీకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది. తొందరపడకు. రాక మొదలైన తొలి గంటల్లో పెట్టిన గుడ్లని తర్వాత వచ్చే తాబేళ్లే తవ్వి పాడుచేస్తాయి. అందుకని మొదటి 36 గంటల్లో ఏరుకోవడానికి చట్టమే ఒప్పుకుంది. బదులుగా ఒడ్డుని కాపలా కాసేదీ, శుభ్రం చేసేదీ, తాబేలు పిల్లల్ని సముద్రం దాకా కాచేదీ వాళ్లే. 2015 సెప్టెంబరులో టూరిస్టులు ఒడ్డంతా కిక్కిరిసి తాబేళ్లని గుడ్లు పెట్టనివ్వలేదు. నా లెక్కన గోతాల కన్నా మన గుంపే పెద్ద అపాయం. స్థానిక గైడు లేకుండా ఒడ్డు మీద అడుగు పెట్టకండి.

నోసరా ఊళ్లో బస చూసుకుంటే ఓస్తియొనాల్‌కి దగ్గర. దారి మట్టిదారి, వానలకి ఏరు పొంగితే అద్దె కారుతో దాటే సాహసం చెయ్యొద్దని అల్లుడికి నేను చెప్పానని చెప్పు. సముద్రంలో నీరు లోపలికి లాగేస్తే దానికి ఎదురీదకుండా ఒడ్డు వెంట పక్కకి ఈదాలి. చాలా చోట్ల కాపాడేందుకు ఎవరూ ఉండరు, అందుకని మొల లోతు దాటకండి.

ఇక తేదీలు. థాంక్స్‌గివింగ్ అన్నావు, అప్పటికి రేట్లు కూడా మండిపోతాయి. ఆ తాబేళ్లు ఎక్కువగా చంద్రుడు సగానికి తరిగిన రోజుల్లో వస్తాయి, అంటే మన బహుళ అష్టమి దాటాక. పెద్ద రాకలు వానకాలంలోనే. దీపావళికి వారం ముందు వచ్చే అష్టమికి అక్కడ ఉండేలా చూసుకోండి. తడుస్తారు, తడవండి. గుంపుగా రాకపోయినా ఒకటీ అరా ఎక్కకపోవు. పంచాంగం చూసి తేదీ రాసి పంపిస్తాను, దాన్ని బట్టి సెలవు పెట్టండి. అమావాస్య సాయంత్రానికి నేరుగా మా ఇంటికి వచ్చెయ్యండి, ప్రమిదలు తీసి ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ